చప్పుడు ఆగిన సేపు

పెద్దకోడలు సీసా అంచు మీద చూపుడువేలు మెల్లగా ఓ చుట్టు తిప్పింది. ఎక్కడా గరుకు తగల్లేదు. దాన్ని ఎడమవైపు పెట్టి ఇంకోటి తీసుకుంది. ఈసారి వేలు సగం చుట్టులోనే ఆగిపోయింది.

"ఇది పక్కన పెట్టు చిన్నా. ఉప్పు పోసుకోడానికి పనికొస్తుంది."

చిన్నకోడలు ఆ సీసాని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. ఏమీ కనబడలేదు. వేలు పెట్టి చూశాకే చిన్న పెచ్చు లేచిన చోటు తెలిసింది. అలాంటి అంచు మీద మూత అతకదు. అతికినట్టు కనబడి, ఎప్పుడో ఊడుతుంది.

ఇవాళ గురువారం. అన్నదమ్ములిద్దరూ సోమవారం పొద్దున్నే కొండ మీది రోడ్డు పనుల క్యాంపుకి బయల్దేరతారు. మంచు పడి దారి మూసుకుపోతే పైకి లారీ రాదు. ఇక దారి తెరుచుకునేదాకా ఇంటి నుంచి పట్టుకెళ్ళిన పెట్టెలో ఏముంటే అదే తిండి. సీసాల్లో పెట్టి ఉడికించి, గాలి చొరకుండా మూత అతికిస్తే మాంసమైనా నెలల తరబడి నిలవుంటుంది. అందుకని వంటింట్లో పొద్దుటినుంచీ నడుం వాల్చే తీరిక లేదు. మాంసం ముక్కలు కొయ్యడం, చిక్కుళ్ళు కడగడం, సీసాలు వేణ్ణీళ్ళలో ముంచి తియ్యడం.

అత్తగారు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది. చూపు ఆనడం లేదు కాబట్టి ఆ పని వేళ్ళతోనే. ఆవిడ గిన్నె నిండగానే పెద్దకోడలు వచ్చి పట్టుకెళుతుంది. "అబ్బ, ఎంత బాగా తీశారత్తయ్యా" అంటుంది. అటు తిరిగి నుంచుని, మిగిలిపోయిన ఈనెలన్నీ మళ్ళీ తనే తీస్తుంది.

"ముక్కలు సీసాలో కుక్కి నింపకు. వదులుగా వెయ్యి," అంది పెద్దకోడలు. "పైన వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. నీ వేలు కాదు, నా వేలు."

చిన్నకోడలు నవ్వింది. సన్నటి పుల్ల గాజు వెంట కిందికి దింపితే బుడగలు ఒకటొకటిగా పైకొచ్చాయి. వెనిగర్ తడి చేసిన గుడ్డతో అంచు తుడిచింది. మూత పెట్టి, దాన్ని పట్టి ఉంచే మరల కట్టు పైన తిప్పింది. వేళ్ళ బలంతోనే తిప్పాలి, చేతి బలంతో కాదు. ఉడుకుతున్నప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి దారి ఉండాలి.

స్టవ్ మీదున్న కుక్కర్‌ని ఆ ఇంట్లో ఏనుగు అంటారు. చెవుల్లా రెండు పెద్ద పిడులు, ఇద్దరు పట్టుకుంటేగాని లేవని బరువు. సీసాలన్నీ లోపల పేర్చి మూత బిగించాక చాలాసేపటికి పైగొట్టం లోంచి ఆవిరి పుల్లలా నిటారుగా లేచింది. పెద్దకోడలు దాన్ని కాసేపు అలాగే పోనిచ్చి, అప్పుడు వెయిట్ పెట్టింది. ఇంకాసేపటికి అది ఊగడం మొదలుపెట్టింది. రేకుడబ్బాలో గింజలు ఆడించినట్టు చప్పుడు.

ఆ చప్పుడే లెక్క. అది మోగుతున్నంతసేపూ లోపల కావలసినంత వేడి ఉన్నట్టు. ఆగిందంటే వేడి పడిపోయినట్టు. అప్పటిదాకా ఉడికింది ఉడుకే కాదు, మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి. చాలీచాలని వేడి తగిలి మూతపడిన మాంసంలో పుట్టే విషానికి రంగుండదు, వాసనుండదు. సీసా చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. తిన్నవాళ్ళకే తెలుస్తుంది. ఈ సంగతులన్నీ చిన్నకోడలికి నేర్పింది పెద్దకోడలే.

చిన్నకోడలు బకెట్టు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ప్రయాణం బట్టలు పిండి ఆరేసేసరికి చేతులు చల్లబడి కొయ్యబారాయి. తలుపు తోసుకుని వంటింట్లోకి అడుగుపెట్టింది.

చప్పుడు లేదు.

కిటికీ రెక్క ఒకటి గాలికి తెరుచుకుని ఉంది. స్టవ్ మంట ఒక పక్కకి ముడుచుకుపోయింది. వెయిట్ కదలకుండా నిలబడి ఉంది. దానికి రెండడుగుల దూరంలో పెద్దకోడలు వీపు ఇటు పెట్టి ఉల్లిపాయలు తరుగుతోంది. నిదానంగా, ఒకే తీరున, ఏ తొందరా లేనట్టు.

"అక్కా, వెయిట్ ఆగిపోయింది."

కత్తి అలాగే ఆడుతోంది.

"అక్కా!"

దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. పెద్దకోడలు ఉలిక్కిపడింది. "ఏంటే, పిల్లిలా వచ్చి! వేలు తెగేది."

"వెయిట్ ఆగింది చూడు."

పెద్దకోడలు తల తిప్పి చూసింది. గబగబా వెళ్ళి కిటికీ మూసి మంట పెంచింది. వెయిట్ కదలడానికి కొంతసేపు పట్టింది. ఆ సేపంతా ఇద్దరూ దాన్నే చూస్తూ నుంచున్నారు.

"మళ్ళీ మొదట్నుంచి కదా అక్కా?"

"అవసరం లేదు. ఇప్పుడే ఆగింది. నేను వింటూనే ఉన్నా."

"నేను వచ్చేసరికి అసలు చప్పుడే..."

"వింటూనే ఉన్నానన్నానా?"

గుమ్మం దగ్గర కుర్చీలో కునుకులోంచి లేచిన అత్తగారి గొంతు వినిపించింది. "ఏమిటే అక్కడ గుసగుసలు?"

పెద్దకోడలు జవాబు చెప్పలేదు. "ఏం లేదత్తయ్యా" అంది చిన్నకోడలు.

అనుకున్న వేళకే పెద్దకోడలు స్టవ్ కట్టేసింది.

సాయంత్రం సీసాలు మడతపెట్టిన గుడ్డ మీద వరసగా ఆరుతున్నాయి. ఒకదానికొకటి తగలకుండా, గాలి తగలకుండా. సీసా చల్లారేకొద్దీ మూత లోపలికి లాక్కుని టక్కుమంటుంది. ముందు ఒకటి అంది. కాసేపాగి ఇంకోటి. పెద్దకోడలు అక్కడే పీట మీద కూర్చుని గిన్నెలు తుడుస్తోంది. ఇదివరకు ఆ చప్పుడు రాగానే పక్కగదిలో ఉన్నా సరే, "అదుగో, ఇంకోడు నోరు మూశాడు" అనేది. ఇవాళ మూడోది టక్కుమన్నప్పుడు తలెత్తలేదు. నాలుగోది మోచేతి పక్కనే టక్కుమంది. అప్పుడూ ఎత్తలేదు. గిన్నెలన్నీ తుడిచాక లేచి, ఒక్కొక్క మూతనీ వేలితో నొక్కి చూసింది.

చిన్నకోడలు ఆవిడ వీపు వెనకాల నుంచుని, మామూలు గొంతుతో, "అక్కా, ఉప్పు అయిపోయింది" అంది.

పెద్దకోడలు తర్వాతి మూత నొక్కింది.

చిన్నకోడలు పక్కకి వచ్చి, ముఖం కనబడేలా నుంచుంది. "అక్కా, ఒక రోజు దాటకుండా అయితే వీటిని మళ్ళీ మొదట్నుంచి పెట్టొచ్చని నువ్వే చెప్పావు కదా. పెడదాం. నేను చూసుకుంటా."

"మూతలు అతుకుతూనే ఉన్నాయి. ఇంకేం కావాలి నీకు?"

"అతకడం వేరు, ఉడకడం వేరని కూడా నువ్వే చెప్పావు."

పెద్దకోడలు గుడ్డ మడిచి తాడు మీద వేసింది. "నేను చెప్పినవన్నీ నాకే అప్పజెప్పకు" అని వెళ్ళిపోయింది.

మెట్ల మీద కూర్చుని బూట్లకి నూనె పట్టిస్తున్న భర్తతో చిన్నకోడలు చెప్పింది. వెయిట్ ఆగిందనే చెప్పింది. మిగతాది నోటిదాకా వచ్చి ఆగింది.

అతను నవ్వాడు. "మా వదిన ఆ ఏనుగుని మేపడం మొదలెట్టేటప్పటికి నువ్వీ గుమ్మం కూడా తొక్కలేదు."

"నేను కళ్ళారా చూశాను."

"చూస్తే చూశావు. ఆవిడ చేతి తిండి ఇన్నాళ్ళూ తిన్నాం, గుండ్రాళ్ళలా ఉన్నాం. తోడికోడళ్ళ పంచాయితీ నా పొట్ట మీదికి తేకు." గుడ్డ మడతలో వేలు దూర్చి బూటు కుట్టు వెంట నూనె రుద్దాడు. "పెత్తనం కావాలంటే అడుగు, ఇప్పిస్తా. ఇలా చాటున చాడీలు చెప్పకు."

లోపల ఏడో ఎనిమిదో సీసా టక్కుమంది.

మర్నాడు గోడవతలి కుట్టుపనావిడ సూదులు అడగడానికి వచ్చింది. వీధిలో అందరూ ఆవిడని కత్తెర పిన్ని అంటారు. చేతిలోది ఒక కత్తెర, నోట్లోది ఇంకో కత్తెర అని.

"మీ అక్క బాగా గొప్పదైపోయిందే పిల్లా," అంది గడపలో నుంచుని. "మొన్న సందు మొదట్లో గొంతు చించుకుని పిలిచా. తిరిగి చూస్తేనా! నాకేం, అప్పడిగానా? జాకెట్టు కొలత సరిపోయిందో లేదో కనుక్కుందామని."

"ఏదో ఆలోచనలో ఉండుంటుంది పిన్నీ."

"ఆలోచనలు మాకూ ఉంటాయమ్మా. చెవులు మాత్రం తెరిచే ఉంటాయి."

అత్తగారు కుర్చీలోంచి, "దాని చెవులకేం, బంగారంలా ఉన్నాయి. నీ గొంతే బాగోలేదు" అంది. కత్తెర పిన్ని సూదులు తీసుకుని నవ్వుకుంటూ పోయింది.

చిన్నకోడలు పెరట్లోకి వెళ్ళింది. పెద్దకోడలు కొళాయి దగ్గర కూర్చుని గంజు తోముతోంది. చిన్నకోడలు ఎదురుగా కూర్చుంది. నీళ్ళు కట్టేసింది.

"అక్కా. నీకు వినబడట్లేదు."

పెద్దకోడలి కళ్ళు ఆవిడ పెదాల మీదే ఉన్నాయి. చూసి, మాట అందుకుని, పీచు కింద పెట్టింది.

"ఎవరితో అన్నావు?"

"ఎవరితోనూ అనలేదు."

"మీ ఆయనతో?"

"వెయిట్ ఆగిందని మాత్రం చెప్పా. చాడీలంటున్నారు."

పెద్దకోడలు గంజు బోర్లించి మళ్ళీ తిప్పింది. మసి పోయిన చోటే మళ్ళీ తోమింది. "ఎడమది ముందే పోయింది. కుడిది ఈమధ్య. మనుషులు ఎదురుగా ఉంటే ఇబ్బంది లేదు. నడిచిపోతోంది."

"బావగారికి?"

"ఆయన మాట్లాడేదెంత? తలూపితే చాలు." నవ్వబోయి మానేసింది.

"చెప్పేద్దాం అక్కా. తప్పేముంది ఇందులో?"

"తప్పేముందా?" పెద్దకోడలి గొంతు ఒక్కసారి పెరిగింది. అది ఆవిడకి తెలియలేదు. చిన్నకోడలు చెయ్యెత్తి ఇంటివైపు చూపించింది. పెద్దకోడలు గొంతు తగ్గించింది. మరీ తగ్గించేసరికి మాటలు గాలిలో కలిసిపోయేలా ఉన్నాయి. "అత్తయ్యకి చూపు తగ్గిందని తెలిసిన రోజున ఆవిడ చేతిలోంచి కత్తి తీసుకుంది ఎవరనుకున్నావు? నేనే. 'మీరెందుకత్తయ్యా, కూర్చోండి' అన్నా. ఎంత మర్యాదగా అన్నానో! ఆవిడ ఆ కుర్చీలో కూర్చుంది. అంతే, ఇప్పటిదాకా లేవలేదు. నాకు ఇప్పుడే వద్దు ఆ కుర్చీ."

"నిన్నెవరు కూర్చోబెడతారు?"

"మర్యాదగానే కూర్చోబెడతారు."

చిన్నకోడలు నేల వైపు చూసింది. "మరి ఆ సీసాలు?"

పెద్దకోడలు తల వంచుకుని కొళాయి తిప్పింది. నీళ్ళు గంజులోకి దూకాయి. ఇక ఏం చెప్పినా వినబడదు. అందుకే తిప్పింది.

అప్పటికే ఒక పూట గడిచిపోయింది. సాయంత్రానికి గడువు కూడా దాటింది. ఇప్పుడు మళ్ళీ ఉడకబెట్టినా ఆ సీసాలు బాగుపడవు. పారబొయ్యడం ఒక్కటే మిగిలింది. పారబొయ్యాలంటే కారణం చెప్పాలి.

శనివారం మధ్యాహ్నం ముందుగదిలో చెక్కపెట్టె తెరిచి పెట్టారు. అడుగున గడ్డి పరిచారు. పెద్దవాడు సీసాలని పాత కాగితాల్లో చుట్టి ఒక్కొక్కటే పెట్టెలో దించుతున్నాడు. అతను ఏ పనైనా అలాగే చేస్తాడు, పసిపిల్లని ఉయ్యాల్లో వేసినట్టు. చిన్నవాడు తాళ్ళు వెతుకుతున్నాడు. అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని, చూపు అందకపోయినా పెట్టె వైపే తిరిగి కూర్చుంది. పెద్దకోడలు గోడ వైపు తిరిగి కాగితాలు చింపుతోంది.

"కింద వరసలో మాంసం పెట్టరా," అంది అత్తగారు. "మంచు పడ్డాక దానికోసమే వెతుక్కుంటారు."

"పైన పెడితే మావాడు దారిలోనే లాగించేస్తాడు," అన్నాడు పెద్దవాడు. తమ్ముడు నవ్వాడు. సీసా ఒకటి చేతిలోకి తీసుకుని, మూత మీద వేళ్ళతో దరువేశాడు. "ఇది నాది. బరువెక్కువుంది."

చిన్నకోడలు అతని చేతిలోంచి ఆ సీసా తీసేసుకుంది.

"ఇవి పట్టుకెళ్ళకూడదు."

ఇద్దరు మగవాళ్ళూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ పెద్దకోడలి వీపు వైపు చూసింది. చర్రున కాగితం చిరిగింది, మళ్ళీ చర్రుమంది. పెద్దకోడలికి ఈ మాట అందలేదు.

"ఎందుకమ్మా?" అన్నాడు పెద్దవాడు.

చిన్నకోడలు పెదాలు తడిచేసుకుంది. "గురువారం వేణ్ణీళ్ళు కాచుకుందామని వచ్చి... పక్క పొయ్యి అనుకుని ఏనుగు కింద మంట తగ్గించేశాను బావగారూ. చూసుకోలేదు. వెయిట్ ఆగిపోయింది. అక్క ఎరగదు."

"ఇప్పుడా చెప్పడం?" అంది అత్తగారు.

"భయపడ్డానత్తయ్యా."

చిన్నవాడి ముఖం నల్లబడింది. "మరి మొన్న నాతో వదిన చూసుకోలేదన్నట్టు చెప్పావు? నీ తప్పు కప్పుకోడానికి ఆవిడ మీదికి నెట్టావా?"

ఆ ప్రశ్న వస్తుందని ఆవిడ అనుకోలేదు. సీసాని రెండు చేతులతో పట్టుకుంది. "అవును" అంది.

అందరూ ఒక్క వైపే చూస్తున్నారని తెలిసి పెద్దకోడలు ఇటు తిరిగింది. "ఏమైంది?"

"స్టవ్ తనే తగ్గించిందట," పెద్దవాడు చెప్పాడు. "సీసాలు పనికిరావట."

పెద్దకోడలు చిన్నకోడలి ముఖంలోకి చూసింది. చేతిలోని కాగితం ముక్కని సగానికి మడిచింది. ఆ సగాన్ని మళ్ళీ సగానికి. ఇంక మడవడానికి కుదరనంత చిన్నదయ్యాక, "అయితే పారబొయ్యాల్సిందే" అంది. అందరికంటే ముందు పెట్టెలో చెయ్యి పెట్టి, చుట్టిన సీసాలు బయటికి తియ్యడం మొదలుపెట్టింది.

"అన్నీనా?" అన్నాడు చిన్నవాడు.

"ఒకే ఏనుగులోవి. అన్నీ."

సీసాలు తెరిచి పెద్ద గంగాళంలో పోసి, మూతలతో సహా చాలాసేపు మరిగించారు. కుక్కకి పెట్టకూడదు. పైపైన పూడిస్తే అదే తవ్వుకుంటుంది. పెద్దవాడు పెరటి చివర మోకాటి లోతు గొయ్యి తీశాడు. మాంసం, చిక్కుళ్ళు, కేరట్ ముక్కలు గోతిలోకి జారుతుంటే ఎంత బాగా ఉడికాయో, ఎంత కమ్మటి వాసనో. చిన్నవాడు అటు చూడలేక లోపలికెళ్ళిపోయాడు.

గోడ మీంచి కత్తెర పిన్ని తల లేచింది. "ఏం, నిధి పాతిపెడుతున్నారా?"

పెద్దకోడలు గోతిలోకి ఇంకో గిన్నె వంపింది. తల దిగిపోయింది.

రాబోయే మంచు రోజుల తిండి అంతా గోతిలో ఉంది. పెద్దవాడు మట్టి కప్పి, పైన బండరాయి దొర్లించాడు. వచ్చేటప్పుడు చిన్నకోడలి ముందు ఒక్క క్షణం ఆగాడు. "చెప్పావు. అదే పదివేలు" అన్నాడు. అంత మంచి మాటకి ఆవిడకి ఏడుపొచ్చింది. పెద్దకోడలు చేతుల మట్టి దులుపుకుంటూ అక్కడే ఉంది. ఆవిడ కళ్ళు బండరాయి మీద ఉన్నాయి.

అత్తగారు మాత్రం వదల్లేదు. "దుకాణంలో ఏం దొరికితే అది పట్టుకొచ్చి రేపు మళ్ళీ పెట్టండి. పెద్దది ఒక్కతే చూసుకుంటుంది. చిన్నది స్టవ్ ఛాయలకి పోకూడదు."

చిన్నకోడలు ఉలిక్కిపడి తలెత్తింది. ఇంతదూరం ఆలోచించలేదు. తన అబద్ధం సీసాలని ఆపుతుందనే అనుకుంది గానీ, రేపటి సీసాల దగ్గర అక్కని ఒంటరిగా నిలబెడుతుందని అనుకోలేదు.

"పక్కన నుంచుంటానత్తయ్యా. దేన్నీ ముట్టుకోను."

"నుంచుని ఇంకోటి మర్చిపోతావు. నీ చేతి తప్పుకి నా కొడుకులు కొండ మీద చావాలా?"

చిన్నకోడలు పెద్దకోడలి వైపు చూసింది. నువ్వు చెప్పు, ఇప్పుడు చెప్పు అన్నట్టు. అత్తగారు అన్నది పెద్దకోడలు విన్నదో లేదో ముఖం చూస్తే తెలియలేదు. కుక్కర్ మూత రబ్బరు తీసి, తుడిచి, ఎండలో పెట్టింది.

ఆదివారం దుకాణంలో మాంసం కొద్దిగానే దొరికింది. చిక్కుళ్ళే ఎక్కువ. పొద్దున్న చిన్నకోడలు ముక్కలు కోసి, చిక్కుళ్ళు కడిగి, గుమ్మం దాకా తెచ్చి పెట్టింది. అక్కణ్ణుంచి పెద్దకోడలు అందుకుంది. ఇద్దరి చేతులూ గిన్నె అంచుల మీద ఒకేసారి ఉన్నప్పుడు ఏదో అనాలని చిన్నకోడలు నోరు తెరిచింది. పెద్దకోడలు గిన్నె వైపే చూస్తూ వెళ్ళిపోయింది. చూడకపోతే వినక్కర్లేదు.

ఎండ వచ్చింది. అత్తగారి కుర్చీ పెరట్లో వేశారు. మగవాళ్ళు సంచులు బిగించి, పెట్టెకి తాడు కొలుస్తున్నారు. చిన్నకోడలు కొళాయి దగ్గర నిన్నటి గంగాళం తోముతోంది. వంటింటి కిటికీ ఎదురుగానే ఉంది. గాలికి తెరుచుకోకుండా ఇవాళ దానికి తాడు కట్టి ఉంది.

ముందు ఆవిరి బుసబుసలు. తర్వాత నిశ్శబ్దం. తర్వాత గింజల చప్పుడు మొదలైంది.

చిన్నకోడలి చేతులు తోముతున్నాయి గానీ మనిషంతా ఆ కిటికీ దగ్గరే ఉంది. చప్పుడు నిండుగా ఉంది. కాసేపటికి పలచబడింది. ఆవిడ చేతులు ఆగాయి. ఆగిపోతే? ఇక్కణ్ణుంచి కేకేస్తే అక్కకి వినబడదు, మిగతా అందరికీ వినబడుతుంది. లేచి వెళ్తే అత్తగారు ఊరుకోదు. భర్త నిన్నటినుంచీ తనతో మాట్లాడటం లేదు. అతను ముడి వేస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. రేపీపాటికి కొండదారిలో ఉంటాడు.

చప్పుడు మళ్ళీ పుంజుకుంది. ఆవిడ ఊపిరి వదిలింది.

కిటికీలోంచి పెద్దకోడలు పక్కనుంచి కనబడుతోంది. ఉల్లిపాయలు తరగడం లేదు. ఇంకే పనీ చెయ్యడం లేదు. తడిగుడ్డ చుట్టి ఏనుగు చెవి ఒకటి పట్టుకుని నుంచుంది. కాసేపటికి చెయ్యి తీసి విదిలించి, రెండో చెయ్యి పెట్టింది. చిన్నకోడలికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఊగే వెయిట్ అదురు చెవిలోంచి అరచేతిలోకి వస్తుంది. అక్క చేత్తో వింటోంది.

గుడ్డ ఆరిపోతోంది, ఆవిరి పొగలు కనబడుతున్నాయి. పెద్దకోడలు గుడ్డ మళ్ళీ తడిపింది. ఈ చెయ్యి, ఆ చెయ్యి. ఒకసారి రెండు చేతులూ తీసేసి చంకల్లో పెట్టుకుంది. మళ్ళీ పట్టుకుంది. తల కొంచెం వంచి, కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి వెయిట్ వైపు చూసింది. ఆవిరి కమ్మేసి అది సరిగా కనబడుతున్నట్టు లేదు. చెయ్యి తీసి ముఖం ముందు పెట్టుకుని చూసుకుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది.

తర్వాత కిటికీలో మనిషి కనబడలేదు.

పెరటి తలుపు తెరుచుకుంది. పెద్దకోడలు గడప మీద నుంచుంది. అరచేతులు రెండూ ఎర్రగా కందిపోయి, మనిషి ప్రమేయం లేకుండా వణుకుతున్నాయి. ఆ వణుకులో ఇంకే అదురూ తెలిసే వీలు లేదు.

తెరిచిన తలుపులోంచి వెయిట్ చప్పుడు పెరడంతా నిండింది. గోడవతలికి కూడా వినబడుతోంది.

"చిన్నా," అంది పెద్దకోడలు, ఆ చప్పుడు మీంచి. "మోగుతోందా? ఆగిందా?"

తాడు మీద పెద్దవాడి చేతులు ఆగిపోయాయి. తమ్ముడు కూనిరాగం మానేశాడు. అత్తగారు తల ఒక పక్కకి వంచింది.

చిన్నకోడలు లేచి నుంచుంది. ముఖం కనబడేలా నాలుగడుగులు ముందుకి వెళ్ళింది. "మోగుతోంది అక్కా," అంది గట్టిగా. "ఒక్కసారి కూడా ఆగలేదు."

పెద్దకోడలు తలూపింది. అప్పుడు మిగతావాళ్ళ వైపు చూసింది. ఒక్కొక్క ముఖం దగ్గరా ఆగుతూ. భర్త దగ్గర కొంచెం ఎక్కువసేపు.

"గురువారం స్టవ్ దగ్గర చిన్నది లేదు," అంది. గొంతు ఎంత పెద్దదిగా వస్తోందో ఆవిడకి తెలియలేదు. "ఇక్కడ బట్టలు పిండుతోంది. నేనున్నా. వెయిట్ ఆగితే నాకు వినబడలేదు."

చిన్నవాడు భార్య వైపు చూడబోయి, చేతిలోని తాడు వైపు చూశాడు. పెద్దవాడు తాడు కింద పెట్టి లేచి నుంచున్నాడు.

అత్తగారు ఏదో అడిగింది. మామూలుగా ఆవిడ గొంతు వీధి చివరికి వినబడుతుంది. ఇప్పుడు మాత్రం పక్కనున్నవాళ్ళకి కూడా చెవి ఒగ్గితేనే అందింది.

పెద్దకోడలు అత్తగారి పెదాలు చూసింది. ఎండ ఎదురుగా ఉంది, తెలియలేదు. చిన్నకోడలి వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచి అని అడుగుతున్నారు," అంది చిన్నకోడలు, ఒక్కొక్క మాటా విడదీసి.

పెద్దకోడలు వణుకుతున్న చేతులని వీపు వెనక్కి పెట్టుకుంది. "అన్నీ చెప్తా అత్తయ్యా. ఇది దిగాక. రేపు వీళ్ళు తినేది ఇదే."

అని గడప మీద కొంచెం పక్కకి జరిగింది. ఒక మనిషి పట్టేంత చోటు.

చిన్నకోడలు నడుముకి కట్టుకున్న గుడ్డతో తడిచేతులు తుడుచుకుంది. అత్తగారి కుర్చీ పక్క నుంచి నడిచి, లోపలికి వెళ్ళింది. ఎవరూ వద్దనలేదు.